గుండెలో పాత పోగు

సిద్దిరాములు గుండెలో డాక్టర్లు తీగ మరిచిపోయి కుట్లేశారట. ఈ మాట పక్కింటి జమున అన్నదని, హోటల్లో చాయ్ తాగుతూ బుచ్చిరాములు చెప్పాడు. జమునకు ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, గోడ మీదుగా చూసిందట. "నా కండ్లతోని సూసిన. అంగి ఇప్పిండు. రొమ్ము మీది పుండుల తీగ తేలింది. పట్టి గుంజితె వచ్చేటట్టున్నది" అన్నదట. సాయంత్రానికి ఆ తీగ మూరెడైంది. మర్నాడు గర్షకుర్తి బస్టాండు దాకా పోయి, లోపల ఒక కత్తెర కూడా ఉందన్న కబురును వెంటబెట్టుకుని వాడలోకి తిరిగొచ్చింది.

కత్తెర సంగతి అబద్ధం. తీగ సంగతి సగం నిజం. లోపల పాత తీగ ఒకటి ఉన్నమాట వాస్తవమే. కాని దాన్ని ఎవరూ మరిచిపోలేదు, తెలిసే వదిలేశారు.

సిద్దిరాములు సాంచెల కార్ఖానాలో, అంటే బట్ట నేసే మరమగ్గాల దగ్గర, వైపని చేసేవాడు. మరసాంచె మీద పడుగు చుట్టిన బీము అయిపోతే కొత్త బీము ఎక్కిస్తారు. ఆ కొత్త బీము పోగులను సాంచెలో మిగిలిన పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతికే పనినే మా దగ్గర వైపని అంటారు. వేల పోగులుంటాయి. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక్క మెలి తిప్పితే అతుకు ఎక్కడుందో వేసినవాడికి కూడా కనిపించకూడదు. ఈ పనిలో పాత పోగుల జోలికి ఎవరూ పోరు. అవి సాంచెలో ఉంటేనే కొత్తవి వాటిని పట్టుకుని కన్నం కన్నం దాటి ఇవతలికి వస్తాయి.

ఒకరోజు అట్లా అతుకుతూ కూర్చున్న సిద్దిరాములు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. గుండె కొట్టుకుంటూ కొట్టుకుంటూ మధ్యలో ఆగుతోందన్నారు. హైదరాబాదు పెద్దాసుపత్రిలో ఎడమ రొమ్ము పైన, తోలు కింద, అగ్గిపెట్టెంత మిషను పెట్టి, దాన్నుంచి ఒక తీగను నరం గుండా గుండెలోకి దింపారు. మనిషి మళ్ళీ పనిలోకి వచ్చాడు. కొన్నేళ్ళకు ఆ తీగ లోపల్లోపల చిట్లింది. మళ్ళీ హైదరాబాదు పోతే, పక్కనుంచి కొత్త తీగ వేశారు. పాతదాన్ని మాత్రం తియ్యలేదు. అప్పటికే అది నరానికి, గుండె కండకు అంటుకుపోయింది. గుంజడం కన్నా ఉంచడమే మేలనుకున్నారు. అట్లా ఉంచినవాళ్ళు చాలామందే ఉంటారు, చాలామందికి ఏమీ కాదు కూడా. ఇంటికి పంపేరోజు డాక్టరొకాయన మంచాల వరుస దాటుతూ, నడక ఆపకుండానే అన్నాడు: "పాతది లోపలే ఉంచి కొత్తది వేశాం. భయం లేదు."

ఆ మాటను సిద్దిరాములు బస్సులో ఊరొచ్చేదాకా నములుతూనే ఉన్నాడు.

అప్పటి నుంచి ఎడమ చెయ్యి మారిపోయింది. భుజం పైకి లేవదు. మోచెయ్యి పక్కటెముకలను వదలదు. తల దువ్వుకునేది కుడిచేత్తోనే, పండుకునేది కుడిపక్కకే. బిడ్డ మమతారాణి పురిటికి వచ్చి కొడుకును కంటే, మనవణ్ణి ఒళ్ళో పెట్టించుకున్నాడే గాని ఒక్కసారి కూడా రెండు చేతులా ఎత్తుకోలేదు. "తాతకు పోరడంటె మనసు లేదు" అని జమున అప్పుడే ఒక మాట తయారుచేసి వాడకు పంచింది. ఆటో నడిపే రజాక్ సిద్దిరాములుకు చిన్ననాటి దోస్తు. వాడు ఎదురుపడితే చాలు, ఆటో ఆపి మరీ అడిగేవాడు.

"ఏం బావా, చంకల కోడిపిల్లను దాసినవా? జర మాకు గూడ సూపియ్యరాదు."

"నీ ఆటో నాలుగు దిక్కుల ఊడుతుంది, ముందు అది సూసుకో. కోడి సంగతి నీకెందుకు?"

నవ్వులాటగానే కొన్నేళ్ళు గడిచాయి. ఈ వానాకాలం ఎడమ చెయ్యి వాచింది. వేళ్ళు లావెక్కాయి. రొమ్ము మీద, భుజం మీద నీలి నరాలు ఆకు ఈనెల్లా తేలాయి. మిషను మీది తోలు పలచబడి, ఎర్రబడి, ఒక మూల పుండు పడింది. సాయంత్రాలు చలిజ్వరం వచ్చేది. ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేస్తే పోయేది, నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చేది. పుండు సంగతి ఆ డాక్టరుకు కూడా చెప్పలేదు సిద్దిరాములు. పసుపు అద్ది, మెత్తటి గుడ్డపేలిక పెట్టి, దాని మీద బనియను, బనియను మీద అంగి తొడుక్కుని పనికి పోయేవాడు.

అతని భార్య నర్మద బీడీలు చుడుతుంది. చాట ఒళ్ళో పెట్టుకుంటే పక్కన పిడుగు పడినా తల ఎత్తని మనిషి. ఒకరోజు బట్టలుతుకుతూ బనియను మీద ఎండిన చీము మరక చూసి, చేతిలోది అక్కడే వదిలేసి లేచింది.

"ఏందయ్యా గిది?"

"చెమట."

"చెమట గిట్ల అట్టగడ్తదా? అంగి ఇప్పు."

"పొయ్యి మీద కూర మాడుతుంది సూడు."

"మాడితె మాడనియ్యి. ఇప్పు అంటున్న."

విప్పాడు. పుండు నోట్లో ఏదో తెల్లగా మెరిసింది. జమున గోడ మీదుగా చూసింది అప్పుడే.

ఆ పూటే రజాక్ ఆటోలో కరీంనగర్ తీసుకుపోయారు. గుండె డాక్టరు సుమయ్య కరీంనగర్‌లో పుట్టి పెరిగిన పిల్లే. ఇంట్లో ఉర్దూ, బయట మన తెలుగు. పుండు చూసింది, చెయ్యి పట్టి చూసింది, ఫొటోలు తీయించింది, నెత్తురు పరీక్ష చేయించింది. గుండెకు గొట్టం ఆనించి చాలాసేపు విన్నది.

"కాకా, మిషను కాడ పుట్టిన చీము తీగల వెంబడి లోపటికి పోతున్నది. గందుకే జ్వరం. మందులు ఇస్త గని, మందులతోని తక్వైతది, పోదు. మిషను, తీగలు మొత్తం తియ్యాలె. ఇక్కడ కాదు, హైదరాబాద్‌ల తీస్తరు. నేను రాసిస్త."

"పాతది గూడనా?"

"ముందు పాతదే. నరం మూసుకపోయి చెయ్యి వాసింది దాంతోనే."

సిద్దిరాములు మంచం దిగాడు. అంగి గుండీలు కుడిచేత్తో ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. బయటికి నడిచిపోయి ఆటోలో కూర్చున్నాడు.

నర్మద లోపలే నిలబడిపోయింది. "తియ్యకుంటె ఏమైతది మేడం?"

"చీము గుండె కవాటాలను పట్టుకుంటదమ్మా. గప్పుడు మా చేతుల ఏం ఉండది. ఎట్లనన్న చేసి ఒప్పియ్యి. ఎక్కువ దినాలు ఆగకుండ్రి."

నర్మద బయటికి వచ్చేసరికి ఆటో దగ్గర జగడం నడుస్తోంది.

"గంత సదువుకున్న పిల్ల చెప్తె ఇనవా బావా?"

"పోనిస్తవా, బస్సెక్కాల్నా?"

"కత్తికి భయపడుతున్నవా? నా సున్తీ అప్పుడు నేను గూడ భయపడ్డ. ఏమైంది? బతికే ఉన్న గద!"

నవ్వు రాలేదు ఎవరికీ. రజాక్ ఆటో తిప్పాడు.

ఇంటికి వచ్చాక వాడ వాడంతా సలహాలు పట్టుకొచ్చింది. జమున అందరికన్నా ముందు వచ్చింది.

"మరిసిపోయింది గా డాక్టర్లే, మళ్ళ తీసేది గూడ వాళ్ళేనా అక్కా? కేసు ఎయ్యాలె. లేకుంటె ఇచ్చోడ అవుతల ఒకాయన పసరు పోస్తడట. రోకలి మింగినా కరుగుతదట."

"రోకలి ఎవలు మింగిండ్రే?"

"మాటకన్న అక్కా."

"ఎవలు మరిసిపోలే. నీ నోరు నువ్వు జర మరిసిపో."

నర్మద జమునను పంపించింది గాని మొగుణ్ణి కదిలించలేకపోయింది. తిట్టింది, ఏడ్చింది, ఒకపూట అన్నం పెట్టలేదు. మమతారాణితో ఫోన్ చేయించింది. కూతురు అటు నుంచి ఏడిస్తే ఇటు సిద్దిరాములు "మంచిగున్న బిడ్డా, ఫికర్ జెయ్యకు" అని ఫోన్ పెట్టేశాడు.

"నీకు సావాలని ఉన్నదా? అట్లయితె చెప్పు, నేను గూడ తయారైత."

"సావాలని లేదే. బతుకుదామనే వద్దంటున్న."

ఈ మాట నర్మదకు అర్థం కాలేదు. భయమంటే తెలుస్తుంది, మొండితనమంటే తెలుస్తుంది. బతకడానికే వైద్యం వద్దనడం ఏమిటి? పైగా అతను పనికి కూడా పోతున్నాడు. కార్ఖానా యజమాని ఓంప్రకాశ్ "చెయ్యి మంచిగయ్యేదాక వెంకటితోని అతికిస్త, నువ్వు ఇంటికాడ ఉండన్నా" అన్నా విన్లేదు.

మధ్యాహ్నం సద్ది తీసుకుని ఆమె కార్ఖానాకు పోయింది. కరెంటు పోయి సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. ఆ మోత లేకపోతే కార్ఖానా పరాయి ఇల్లులా ఉంటుంది. మూల సాంచె ముందు సిద్దిరాములు ఒక్కడే, వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కుడిచేతి కొస, ఎడమచేతి కొస దగ్గరికి తెచ్చి మెలి తిప్పబోతే వాచిన వేళ్ళ మధ్య నుంచి పోగు జారిపోయింది. మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ జారింది. ఆమె వచ్చిన సంగతి తెలిసినా తల ఎత్తలేదు.

నర్మద సద్దిగిన్నె కింద పెట్టి, పక్కన కూర్చుని, అతని చేతిలోంచి ఆ రెండు కొసలు తీసుకుని అతికింది. ఆమె పుట్టింది కూడా సాంచెల ఇంట్లోనే. ఇంకొకటి అతికింది. అతను కొసలు అందిస్తున్నాడు, ఆమె అతుకుతోంది.

"ఒక్కటడుగుత, చెప్పు" అన్నాడు కాసేపటికి. "గీ పాత పోగులన్ని కోసి గుంజి పారేస్తె ఏమైతది?"

"పిచ్చి లేసిందా? కొత్తయి దేనికి అతుకుతవు? అతికినయి గూడ వాటెంబడి ఊడొస్తయి."

"గా డాక్టరమ్మ నన్ను గదే చెయ్యమంటుంది."

నర్మద వేళ్ళు ఆగిపోయాయి.

"పాతది ఉంచి కొత్తది ఏసినమన్నరే గప్పుడు. ఎందుకు ఉంచుతరు? అతికెటందుకే ఉంచుతరు. గుండె కాడ పట్టుకొని ఉన్నది పాతది. కొత్తది దాన్ని పట్టుకొని ఉన్నది. గందుకే గీ చెయ్యి కదలనియ్యలే ఇన్నేండ్లు. ఎత్తితె అతుకు ఎక్కడ జారుతదో అని. మనవన్ని ఎత్తుకోలే. పుండు వడ్డది, చెప్తె తీస్తమంటరని చెప్పలే. ముందు పాతదే గుంజుతదట! గుంజినంక ఇంకేమున్నది నర్మదా, గాడనే ఆగిపోత."

ఆమెకు కోపం రాలేదు, నవ్వూ రాలేదు. చేతిలోని పోగు వైపు చూసింది, అతని రొమ్ము వైపు చూసింది. అతను చెప్పింది నిజమే అనిపించింది. పుట్టినప్పటి నుంచి ఆమె చూసిన పని అది. అట్లా కాకుండా ఇంకెట్లా చేస్తారు? ఇన్ని రోజులూ ఏడ్చి, తిట్టి, అన్నం మాన్పించి, తన చేతులారా మొగుణ్ణి చావుకు తోస్తోందా?

సాయంత్రం రజాక్ ఇంటికి పోయి ఆ మాటే చెప్పింది. రజాక్ భార్య సుగ్రా బేగం చాయ్ తెచ్చి ఇస్తే చేతిలోనే చల్లారిపోయింది.

"అతుకెయ్యకుంట కరెంటు ఎట్ల పోతది అక్కా?" అన్నాడు రజాక్. "నా ఆటోల ఎన్ని అతుకులున్నయో అల్లాకే ఎరుక. ఒక్కటి ఊడితె బండి బంద్. బావ చెప్పింది కరెక్టే ఉన్నట్టుంది." తల గోక్కున్నాడు. "మరి మేడంకు తెల్వదా గీ సంగతి?"

"తెలిస్తె ముందు పాతదే తీస్తమని ఎట్లంటది?"

ఇద్దరూ చూరు వైపు చూస్తూ కూర్చుంటే సుగ్రా బేగం విసుక్కుంది. "యా అల్లా, ఇక్కడ కూసోని పరేషాన్ ఎందుకు? పోయి గా పిల్లనే అడుగుండ్రి. అడిగితె నోరు పడిపోతదా?"

ఆ రాత్రి సిద్దిరాములుకు చలి మొదలైంది. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా పళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి. తెల్లవారాక నర్మద అతని తల పక్కన కూర్చుని, కుడిచేతిలో చెయ్యి వేసింది.

"అడిగొద్దాం, అంతే. ఒట్టు. నిన్ను ఎవలన్న ముట్టుకోబోతె నేను అడ్డం బడుత."

అతను దుప్పట్లు పక్కకు తోశాడు. లేచి కూర్చున్నాడు.

డాక్టర్ సుమయ్యకు మొదట ఏమీ అర్థం కాలేదు. నర్మద అతుకంటుంది, రజాక్ వైరింగ్ అంటాడు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. చివరికి సిద్దిరాములే మెడలోని తువ్వాల కొస నుంచి రెండు దారాలు పీకి, కొసకు కొస కలిపి, ఆమె బల్ల మీద పెట్టాడు.

"గిది పాతది. గిది కొత్తది. దీన్ని గుంజితె అది రాదా బిడ్డా?"

ఆమె దారాల వైపు చూసింది. నవ్వలేదు. కుర్చీ జరిపి, కంప్యూటర్ తెర అతని వైపు తిప్పింది.

"గిది నీ రొమ్ము ఫొటో కాకా. నువ్వే సూడు."

నల్లటి తెర మీద పక్కటెముకలు, నడుమ తెల్లగా గుండె నీడ, పైన మిషను. మిషను దగ్గర నుంచి గుండెదాకా సన్నటి తెల్లటి గీతలు. సిద్దిరాములు జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. లేచి తెర దగ్గరికి పోయాడు. చిటికెనవేలి గోరు ఒక గీత మీద ఆనించి, మిషను నుంచి మొదలుపెట్టి, పోగు వెంట పోయినట్టే నెమ్మదిగా కిందికి పోయాడు. గోరు ఒకచోట ఆగింది.

"గీడ కలిసినయి."

"కలవలే. ఒకదాని మీదంగ ఒకటి పోయింది. ఆగు, పక్కనుంచి తీసింది సూపెడ్త."

ఇంకో ఫొటో వచ్చింది. అందులో రెండు గీతల మధ్య వేలు దూరేంత సందు ఉంది. అతను మళ్ళీ మొదటి నుంచి పోయాడు. ఒక తీగ మిషనులోంచి బయల్దేరి గుండె కొసదాకా ఎక్కడా తెగకుండా పోయింది. రెండోదాన్ని గుండె దగ్గర నుంచి వెనక్కి పట్టుకొచ్చాడు. అది పైకి వచ్చి, మెడ ఎముక కింద ఒక చుట్టు చుట్టుకుని, మిషను దాకా రాకుండానే ఆగిపోయింది.

"దీని కొస ఉట్టిగనే ఉన్నది" అన్నాడు.

"అవును కాకా. మూతిగట్టి వదిలేసిండ్రు. అది ఏ పని చెయ్యదు. దేన్ని పట్టుకోని లేదు."

"అతుకు లేదు."

"లేదు."

సిద్దిరాములు అద్దాలు తీశాడు. కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఉన్న ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని, ఎవరిదో వస్తువును చూసినట్టు చూశాడు. నర్మద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రజాక్ కిటికీలోంచి బయట నిలిపిన తన ఆటో వైపు చూస్తున్నాడు. కోడిపిల్ల మాట ఇంకెప్పుడూ అతని నోట రాలేదు.

"రెండు తీసినంక గుండె దేని మీద నడుస్తది?"

"తీసేముందే ఇంకో తీగ ఏసి, మిషను బయట పెట్టి నడిపిస్తరు. చీము మొత్తం పోయినంక కుడిదిక్కు కొత్తది పెడ్తరు."

"తీసేటప్పుడు నరం చినిగితె?"

"చినిగే భయం ఉన్నది. లేదని చెప్ప. గందుకే ఛాతి కోసే డాక్టర్లను పక్కనే పెట్టుకొని తీస్తరు. కాని తియ్యకుంటె ఉన్నది భయం కాదు కాకా, అది అయ్యేదే."

సిద్దిరాములు నర్మద వైపు చూశాడు. ఆమె తల ఊపలేదు, వద్దనలేదు. అడ్డం పడతానని ఒట్టు పెట్టిన మనిషి, అతని పక్కన నిలబడి ఉంది, అంతే.

"రాసియ్యి బిడ్డా" అన్నాడు.

నర్సు వచ్చి అంగి విప్పమంది. కుడిచెయ్యి వచ్చేసింది. ఎడమ చెయ్యి ఎత్తబోతే భుజం దాకా కూడా రాలేదు, ఇన్నేళ్ళూ కదలని కీలు బిగుసుకుపోయింది. నర్మద మోచెయ్యి కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. అతను పళ్ళు బిగించి ఇంకాస్త ఎత్తాడు. పుండుకు అంటుకున్న గుడ్డపేలికను నర్సు తడిపి తడిపి తీసింది.

సుమయ్య చీటీ రాస్తూ, తండ్రిని కోప్పడ్డట్టు అంది: "గీ పుండు ఇన్ని దినాలు ఎందుకు దాసుకున్నవు కాకా? మొదట్లనే వస్తె చీము లోపటిదాక పోకపోవు. భయం తక్వ ఉన్నప్పుడే తీపిచ్చేటోళ్ళం. చదువు లేకుంటె లేకపాయె, అడగాలన్న బుద్ధి అన్న ఉండాలె గద."

సిద్దిరాములు తెర మీద ఇంకా వెలుగుతున్న ఆ రెండు తెల్ల గీతలనే చూస్తున్నాడు.

"గీ బొమ్మ గప్పుడే సూపెడితె నేనెందుకు దాసుకుందు బిడ్డా?"